సొట్ట గ్లాసు

సొట్టపడ్డ స్టీలు గ్లాసు పట్టుకొని ముసలామె మళ్ళీ వచ్చింది.

"చంద్రవ్వా, జర్రంత చక్కెరుంటె పెట్టు బిడ్డా."

దీప పెన్ను ఆపింది. దేవేందర్ నెత్తి పట్టుకున్నాడు.

పొద్దుటి నుంచి ఇదే వరస. వీళ్ళు ఏ ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటికి గ్లాసుతో ఈ సాయవ్వ.

ఇద్దరూ జగిత్యాల డిగ్రీ కాలేజీ పిల్లలు. సైకాలజీ ప్రాజెక్టు. 'కష్టకాలంలో నేతకార్మికుల మనసు' అని పేరు పెట్టారు. కోరుట్లలో ప్రశ్నలు జిరాక్స్ తీయించి సిరిసిల్ల బస్సెక్కారు.

ఆ యేడు సిరిసిల్లలో సాంచలు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. సాంచ అంటే అక్కడ పవర్‌లూమ్. మగవాళ్ళు సాంచ పనికి భీవండి పోతున్నారు, అక్కడా పని లేక తిరిగొస్తున్నారు. కొందరు ఇంట్లోనే ప్రాణం తీసుకుంటున్నారు. సర్కారు లెక్కలు రాసుకుంటోంది. కాలేజీలు ప్రాజెక్టులు రాసుకుంటున్నాయి.

సాంచ ఆగిన ఇళ్ళనే వీళ్ళు ఎంచుకున్నారు.

చంద్రవ్వ మొగుడు రాజలింగం గోడకు ఆనుకొని కూర్చున్నాడు. భీవండి నుంచి వచ్చినప్పటి నుంచి తిండి లేదు, మాట లేదు.

"మీరన్న అడుగున్రి. నాతోని నోరు తెరుస్తలేడు. నాకు బుగులైతుంది" అని చంద్రవ్వ గుమ్మంలోనే బతిమాలింది.

దీప లేచింది.

"అవ్వా, మేం అడుగుతుంటె ఇంకో మనిషి ఉండొద్దు. మా సార్ చెప్పిండు. జర బయటికి నడువు."

"నేనేమంటున్న బిడ్డా? చక్కెర తీస్కొని పోత."

"గిప్పుడే ఆ ఇంట్ల తీస్కుంటివి గదా!" దేవేందర్ అందుకున్నాడు. "ఎన్ని చాయ్‌లు తాగుతవే అవ్వా?"

"నోరు తీపి కాకుంటె నాకు తోచది కొడుకా."

"మా సర్వేకన్న ముందుగాల నీ సర్వే అయితున్నది పో!" అన్నాడు దేవేందర్.

సాయవ్వ నవ్వింది. నవ్వుతూనే రాజలింగం మొఖం చూసింది. కదలలేదు.

దీప ఆమె రెక్క పట్టి బయటికి నడిపింది. చంద్రవ్వనూ పంపింది. తలుపు వేసింది.

"నిద్ర వడ్తున్నదా అన్నా?"

"వడ్తది."

"రేపటి సంగతి తల్సుకుంటె భయమైతదా?"

"ఏం లేదు."

"కష్టమొస్తె ఎవలికి చెప్పుకుంటవు?"

రాజలింగం మూసిన తలుపు దిక్కు చూశాడు.

"ఎవలున్నరు చెప్పుకునేటందుకు?"

దీప ఆ మాట కింద గీత కొట్టింది. ప్రాజెక్టుకు ప్రాణం దొరికింది.

తలుపు తీసేసరికి సాయవ్వ అరుగు మీదే ఉంది. ఎర్రటి ఎండ. ఒళ్ళో గ్లాసు.

వీళ్ళు బయటికి, ఆమె లోపలికి.

"చక్కెర లేనిది పోయేటట్టు లేదు" అన్నాడు దేవేందర్. బస్టాండు దాకా ఇద్దరూ నవ్వుకుంటూనే పోయారు.

కాలేజీ హాల్లో చార్టులు కట్టారు. ప్రాజెక్టు ఇచ్చిన జనార్దన్ సార్ ముందు వరుసలో కూర్చున్నాడు. దీప కర్రతో చూపించి చెప్పింది.

"ఆ వాడలో మనిషికి మనిషి తోడు లేడు."

ఒక చార్టు మీద, కష్టం తెచ్చే అలవాట్ల కింద, 'అడుక్కోవడం' అని రాసి ముసలామె బొమ్మ వేశారు. చేతిలో గ్లాసు. హాలంతా నవ్వింది.

మొదటి బహుమతి వచ్చింది.

ఏళ్ళు గడిచాయి. దేవేందర్ మస్కట్ పోయాడు. దీప అదే జగిత్యాలలో సైకాలజీ చెబుతోంది. జిరాక్స్ కాగితాల వేడి, వేళ్ళకంటిన స్కెచ్ పెన్ను రంగు, ఆ కాగితాలు నలుగుతాయని వేములవాడ దాకా బస్సులో నిలబడే పోవడం, అన్నీ ఆమెకు తీపిగానే గుర్తున్నాయి. తన విద్యార్థులకూ ఆ వాడనే చూపించాలనుకుంది. ముందు ఒక్కతే వచ్చింది.

చంద్రవ్వ గుర్తుపట్టింది. లోపల రాజలింగం సాంచ నడుపుతున్నాడు. తల నెరిసింది, ఒళ్ళు చేసింది. చంద్రవ్వ చాయ్ పెట్టింది. చక్కెర డబ్బా నిండుగా ఉంది.

మాటల మధ్యలో పక్కింటి సాంచ చప్పుడు ఆగింది. కరెంటు పోలేదు. వీళ్ళ సాంచ ఆడుతూనే ఉంది.

చంద్రవ్వ చెవి పెట్టి విన్నది. మళ్ళీ మొదలవుతుందేమోనని కాసేపు చూసింది. మొదలవలేదు. లేచి, గూట్లోంచి గ్లాసు తీసింది.

సొట్ట గ్లాసు.

"ఏడికక్కా?"

"పక్కింటికి మేడం. జర్ర చక్కెర అడిగొస్త."

"డబ్బా నిండుగున్నది గదా!"

"చక్కెరకేం పోతున్న? ఊకెనే పోతె ఎందుకొచ్చినవంటరు. చక్కెరంటె తలుపు తీస్తరు. మనిషి మొఖం చూడొచ్చు."

దీప చాయ్ కింద పెట్టింది.

"గా సాయవ్వ...?"

"పోయింది. షుగర్ బీమారి. మీరొచ్చిన నాటికే ఆమె చక్కెర ముట్టకపోయేది. ఈ ఇంట్ల తెచ్చింది ఆ ఇంట్ల పోసేది."

చంద్రవ్వ లోపలికి చూసి గొంతు తగ్గించింది.

"మీరు అటు పోంగనే, డబ్బా దించియ్యమని ఈయన్నే అడిగింది. ఈయన లేవలె. తనే దించింది. ఎనుక పురుగుల మందు సీస. సీస కొంగుల ముడేసుకొని, పొద్దుమూకెదాంక ఈయన పక్కకే కూసున్నది."

లోపల సాంచ ఆడుతోంది.

"గట్ల ఇల్లిల్లు తిరుగుమని ఆమెకు ఎవలు చెప్పిన్రక్కా?"

చంద్రవ్వ అప్పటికే గడప దాటింది. పక్కింటి తలుపు దిక్కు చూస్తూనే జవాబిచ్చింది.

"గీ వాడల ముందుగాల సాంచ ఆపి పానం తీసుకున్నది సాయవ్వ పెనిమిటే మేడం, ఆ దినం ఆ ఇంటికి చక్కెరకు ఎవ్వలు పోలె."