రెండు సీట్ల బండి

"తాళాలు తీసుకుపోయి వాళ్ళ చేతిలో పెట్టేదానికి నీకు మనసెట్లా వస్తాంది రామాంజులూ?"

గ్యారేజీ తలుపుకి అడ్డంగా నిలబడింది వంటామె గంగాదేవి. వంట మధ్యలో వచ్చిందేమో, చేతిలో అట్లకాడ అలాగే ఉంది. రామాంజులు ఆమెకేసి చూడకుండా కారు మీద కప్పిన గుడ్డ లాగేశాడు.

మనిషి నడుము దాటని కారు. తలుపులు పక్కకి కాదు, పైకి లేస్తాయి. అమెరికాలో ఏ కొద్దిమంది షోకిలాల కోసమో కూర్చుని చేతులతో బిగించిన సరుకు. కువైట్ మొత్తానికి ఇదొక్కటేనని ఇంటి యజమాని బాబా మురిసిపోయేవాడు. గంటకి మూడొందల యాభై కిలోమీటర్లు పోతుందట. పోతుందో లేదో దేవుడికెరుక గానీ, బాబా దాన్ని నడిపిన దానికన్నా డ్రైవర్ రామాంజులు దాన్ని తుడిచిందే ఎక్కువ.

బాబా సైన్యంలో ఆఫీసరు. ఇరాకీలు దిగిన రోజు డ్యూటీకని వెళ్ళినవాడు మళ్ళీ ఇల్లు చేరలేదు. ఇప్పుడు ఆఫీసర్ల ఇళ్ళు వెతికి పెళ్ళాం పిల్లల్ని పట్టుకుపోతున్నారు. ఈ ఇల్లున్న ఎగైలాలో పక్కవీధి దాకా వచ్చేశారు. మేడమీద గదిలో మామా ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో పెట్టుకుని తలుపేసుకుంది. ఇంటి యజమానురాలిని మామా అనడం అక్కడ పనిచేసే మన ఆడవాళ్ళ అలవాటు. గంగాదేవిని చూసి రామాంజులూ అలాగే పిలిచేవాడు.

"అంత స్పీడు పోతాదంటివే! దీంట్లోనే మామానూ పిల్లోళ్ళనూ ఎక్కించుకుని పారిపోరాదా?" అంది గంగాదేవి.

"రెండే సీట్లక్కా. ఇసకలో దిగిందంటే పొదిగే కోడి మాదిరి కూర్చుంటాది."

"అయితే అప్పనంగా ఇచ్చేస్తావా?"

"ఈ కారు కోసమైనా వాళ్ళు ఈ ఇంటికి రావాల్సిందే గదా. వచ్చినోళ్ళు గ్యారేజీ చూసి పోతారా? మేడెక్కుతారు. మనమే ముందుగా పోయి ఇచ్చేస్తే ఇంటి దిక్కు రారు."

"బాబా వచ్చి అడిగితే ఏం చెప్తావు?"

"రానీలేక్కా. ఆయప్ప వచ్చి అడిగితే అంతకన్నా ఏం కావాల?"

గంగాదేవి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఏమో అబ్బీ, ఆ పిల్లోళ్ళకేమన్నా అయితే నేను బతకలేను" అని పక్కకి తప్పుకుంది.

"సిద్ధయ్య నీళ్ళ ట్యాంకరు వస్తాది, గేటు తీయి" అని రామాంజులు కారులోకి దూరాడు.

ఫహాహీల్ దాటాక రోడ్డుకి అడ్డంగా ఇసుక బస్తాలు, సిపాయిలు. కారు కనపడగానే తుపాకులు ఎత్తారు. దగ్గరికి రాగానే దించేశారు. తలుపు పైకి లేస్తే పెళ్ళికొచ్చిన పిల్లల్లా ఎగబడ్డారు. కెప్టెన్ లేడు, ఎక్కడో భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా రామాంజులుకి తలుపులెత్తి దించడమే పనైంది.

కెప్టెన్ వచ్చి కారు చుట్టూ తిరిగాడు.

"ఎవరిది?"

"ఇప్పుడు మీదే సార్" అన్నాడు రామాంజులు తనకొచ్చిన అరబ్బీలో.

"ఎంత పోతుంది?"

"మూడొందల యాభై."

"అబద్ధం!"

"రోడ్డు ఖాళీగానే ఉంది కదా సార్, చూడండి."

కెప్టెన్ మోకాళ్ళు మడుచుకుని ఎలాగో లోపల సర్దుకున్నాడు. ఇంజను అరుపుకి ఇసుక బస్తాల మీది చాయ్ గ్లాసులు గలగలలాడాయి. కారు ఒక్క ఉరుకులో ఉత్తరానికి మాయమైంది. సిపాయిలంతా రోడ్డు మీదికి పరిగెత్తారు. ట్యాంకర్లెక్కి మూతలు తీసి చూసే సిపాయి కూడా బస్తాలెక్కి మెడ చాచాడు.

సరిగ్గా అప్పుడే సిద్ధయ్య ట్యాంకరు వచ్చింది. "ఖాళీ బండి. నీళ్ళకి వఫ్రా పోతాంది" అన్నాడు సిద్ధయ్య. వఫ్రా దాటితే సౌదీయే. మూతల సిపాయి ఇటు తిరగనైనా తిరగలేదు. పొమ్మన్నట్టు వెనక్కి చెయ్యి ఊపి "యల్లా, యల్లా" అన్నాడు.

ట్యాంకరు అడ్డుకర్ర దాటుతూ గతుకులో పడింది. లోపలెక్కడో సన్నగా కీచుమంది. ఒక ముసలి సిపాయి చటుక్కున తల తిప్పాడు.

"మామా! ఖలాస్! యల్లా!" అని, అయిపోయింది పదమన్నట్టు, గొంతు చించుకుని అరిచాడు రామాంజులు.

సిపాయి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఎవర్ని పిలిచావు? మామా ఎవరు?"

రామాంజులు రోడ్డుకేసి చెయ్యి చూపాడు. "ట్యాంకరు నడిపేవాణ్ణి సార్."

"ఆ మీసాలవాడు మీ అమ్మా?"

"మా భాషలో మామా అంటే అమ్మ తమ్ముడు సార్. పిల్లనిచ్చినవాడూ మామే."

సిపాయి పకపకా నవ్వాడు. మిగతావాళ్ళకి చెప్పాడు. అందరూ కలిసి వెళ్ళిపోతున్న ట్యాంకరు వెనక "మామా! మామా!" అని కేకలేశారు. సిద్ధయ్య కిటికీలోంచి చెయ్యి ఊపాడేగానీ వెనక్కి చూడలేదు.

కెప్టెన్ కారు వెనక్కి తెచ్చి దిగాడు. జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. "మూడొందలు నా కళ్ళతో చూశాను" అంటూ కాసేపు దాన్ని నిమిరాడు. ఉన్నట్టుండి రామాంజులు వైపు తిరిగాడు.

"ఇలాంటి బండి కొన్నవాడు మామూలువాడు కాడు. ఇల్లెక్కడ?"

"ఎగైలాలో సార్."

"పెళ్ళాం పిల్లలు ఉన్నారా?"

"వంటామె గంగాదేవి ఒక్కతే సార్."

"అది మేం చూసుకుంటాం. ప్రతి గదీ వెతకాలి" అని కెప్టెన్ జీపు తెమ్మన్నాడు.

అందరికన్నా ముందు రామాంజులే జీపెక్కాడు. "రండి సార్, దారి నేను చూపిస్తా" అన్నాడు.

ఇందాక అతను మామా అని పిలిచింది సిద్ధయ్యను కాదు.