కమాన్‌కు సిమెంటు

"ఆపుండ్రి! చెయ్యి తియ్యి అక్కడి నుంచి!"

ఎల్లారెడ్డి ఊరి నుంచి వచ్చే బస్సు దిగి నేరుగా వచ్చిన యాకూబు గల్లీ మొదట్లోనే అరిచాడు. కామారెడ్డి పాత బజారుకు ద్వారంలా నిలిచిన కమాన్‌కు సిమెంటు పూస్తున్న నగేశ్ చేతిలో తాపీ ఆగింది. కింద ఇసుక మోస్తున్న గల్లీవాళ్లు తిరిగి చూశారు. ఎవరో వచ్చి బాగుచేస్తారని చూసీ చూసీ, చివరికి ఇంటికొకరు చొప్పున వాళ్లే పనిలోకి దిగారు.

"ఎవరు నువ్వు?" గల్లీ కమిటీ పెద్ద లక్ష్మీరాజం ఎదురొచ్చాడు.

"మేస్త్రిని. పేపర్ల మీ ఫోటో చూసి ఉరికొచ్చిన. గానుగల రుబ్బిన డంగు సున్నంతోని కట్టిన కమాన్‌కు సిమెంటు పూస్తరా? లోపలి తేమ బయటికెట్ల రావాలె? ఇటుక నాని మల్ల పెచ్చులూడుతది. ఈసారి ఎవరి మీద పడాలె?"

ఆ మాటకు కృపాజ్యోతి నెత్తిమీది ఇసుక తట్టను ధబ్బున కింద పడేసింది. మొన్నటి వానలకు కమాన్ పెచ్చు ఊడి పడింది ఆమె అత్త మరియ నడుం మీదే. అప్పటి నుంచి మరియ మంచం దిగలేదు.

"సిమెంటు కన్న గట్టిది ఏముంటది చాచా?" నగేశ్ నిచ్చెన దిగి విసుక్కున్నాడు. "పాతకాలం ముచ్చట్లు చెప్పకు."

యాకూబు అతని చేతిలోని తాపీ గుంజుకుని విసిరేశాడు. నిచ్చెనెక్కి కమాన్ కుడి పక్కను సుత్తితో కొట్టాడు. ఖంగుమంది.

"గిది సున్నం. ఎప్పటిదో! ఒక్క పగులన్న ఉన్నదా, సూడుండ్రి. ఊడింది సిమెంటు పూసిన ఎడమ పక్కనే!"

అందరూ తలెత్తి చూశారు. నిజమే. లక్ష్మీరాజం గొంతు తగ్గింది. "మరి గా సున్నం చేసెటోళ్లు ఇప్పుడెక్కడున్నరే?"

"నేను చేస్త. మీరందరు చెయ్యేస్తే నెల రోజుల్ల అయితది."

"సున్నం సంగతి తర్వాత!" కృపాజ్యోతి అడ్డుపడింది. "అప్పట్ల ఎడమ పక్కకు సిమెంటు పూసినోడు ఎవడు? మా అత్తను పొద్దున లేస్తే చంటిపిల్ల లెక్క ఎత్తుతున్న, దింపుతున్న. గా మేస్త్రి ఎవడో చెప్పుండ్రి, వాని చేతులు ఇరగ్గొడ్త!"

"పాతికేండ్ల కిందటి పని బిడ్డా. ఇప్పుడు వాడు యాడ దొరుకుతడు?" అన్నాడు లక్ష్మీరాజం.

"దొరకాలె! గట్ల చేసి హాయిగ తిని తిరుగుతుంటడా?"

యాకూబు మెల్లగా నిచ్చెన దిగాడు. కృపాజ్యోతి ముందు నిలబడి రెండు చేతులూ చాపాడు.

"గివే బిడ్డా ఆ చేతులు. సున్నం పని అయినంక ఇరగ్గొట్టు."