పక్క వీధి గ్రూపు

పెద్ద సోషల్ మీడియా వేదికలన్నీ మూతపడి, ఏ వీధికావీధి ఫోన్లలో సొంత గ్రూపు పెట్టుకున్న రోజులవి. కాకినాడలో హైమవతి అన్నయ్య విశ్వం మతిమరుపు మనిషి. ఓ ఉదయం ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. ఆమె వీధివాళ్ళంతా వెతికారు, దొరకలేదు. పక్క వీధి గ్రూపు పెద్దకు ఆమె ఫోను చేసింది.

"అన్నయ్య ఫొటో ఒక్కటి పెట్టండి బాబూ."

"బయటోళ్ళవి పెట్టమమ్మా. ఇద్దరు సభ్యుల చేత పూచీ ఇప్పించండి, మిమ్మల్నే చేర్చుకుంటాం."

ఆ ఇద్దరూ దొరికేసరికి నాలుగు రోజులు పట్టింది. చేరగానే పాత సందేశాలు చూసింది. అన్నయ్య తప్పిపోయిన రోజే ఆయన ఫొటో ఉంది. "ఈ పెద్దాయన మా అరుగు మీద కూర్చున్నాడు. ఎవరికైనా తెలుసా?" కింద నలభై జవాబులు, అన్నీ "మనోళ్ళు కాదు" అనే. రాత్రి వానలో ఆయన చనిపోయాడని, శవాన్ని మున్సిపాలిటీ బండి తీసుకెళ్ళిందని మర్నాటి సందేశం.

అంతలో గ్రూపు పెద్ద రాశాడు: "స్వాగతమమ్మా. మీ గురించి చెప్పండి."

"ఆ అరుగు మీది పెద్దాయన చెల్లెల్నండి," అని రాసింది హైమవతి.