నాలుక మీద గులకరాయి

“ఇంతకీ ఆ మంత్రగత్తె తలుపు ఎందుకు వేసిందంటారు?” అంది డెల్మిరా.

అందరూ నవ్వారు.

బోయెదో పేట గ్రంథాలయంలో శనివారం మధ్యాహ్నాలు ఇదే కాలక్షేపం. దేశమంతా ఎగబడి చదువుతున్న మాయల నవలను ముందేసుకుని, సైకాలజిస్టు మిర్తాతో కలిసి పాత్రల మనసుల్ని విప్పి చూడడం. మా బ్యూనస్ ఐరిస్ వాళ్ళు జ్వరమొస్తే కషాయంతో సరిపెట్టుకుంటారు గానీ, పాడు కలొస్తే మాత్రం సైకాలజిస్టు దగ్గరికి పరుగెడతారు.

ఆ నవలలో మంత్రగత్తె ఓ చిన్నపిల్ల నాలుక మీద తెల్లని గులకరాయి పెడుతుంది. పిల్ల గొంతు పడిపోతుంది. అప్పుడు ఆ పిల్లను బీరువాలో కుక్కి తలుపు వేస్తుంది.

“బామ్మా, మీరు మంత్రగత్తె పార్టీయా?” అన్నాడు మాతోపాటు చదివే కుర్రాడు ఫాకుందో.

“లేదు నాయనా. ఊరికే అడిగాను.”

డెల్మిరా ఈమధ్యే రావడం మొదలుపెట్టింది. మూల కుర్చీలో కూర్చుంటుంది. వచ్చినప్పుడల్లా సోంపు బిళ్ళలు తెచ్చి బల్ల మీది గాజు గిన్నెలో పోస్తుంది. ఒంటరితనం, పిల్లలు లేని దిగులు, తీపితో మనుషుల్ని మంచి చేసుకోవాలనే తాపత్రయం అని ఫాకుందో ఎప్పుడో తేల్చేశాడు.

“పెత్తనం కోసం వేసింది,” అంది మిర్తా. “ఇదంతా ఉత్త కల్పన కాదు. రచయిత్రి చిన్నప్పుడు ఇలాంటి మనిషి చేతిలో పడే ఉంటుంది. ప్రతి మాటలోనూ ఆ కసి కనిపిస్తోంది.”

“కసేనంటారా?”

“ముమ్మాటికీ కసే.”

డెల్మిరా తన చేతుల వంక చూసుకుంది.

“వచ్చే శనివారం ఆ అమ్మాయి ఇక్కడికి వస్తోందిగా. ఆ మంత్రగత్తె ఎదురుపడితేనో?”

“అయ్యయ్యో, పడకూడదు! మానిన గాయాన్ని కెలికినట్టే. ఆ పిల్ల మీద ఏ మాత్రం ప్రేమున్నా, ఆ ముసలిది కంటపడకుండా ఉండాలి.”

చేతులు మారుతూ వచ్చిన మాతే బుర్ర డెల్మిరాకు చేరింది. ఆ చేదు పానీయాన్ని చివరిదాకా పీల్చి, బుర్ర తిరిగి ఇస్తూ, “థాంక్స్” అంది. అలా అంటే ఇక నాకు పోయొద్దని. ఎప్పుడూ ఆఖరి చుట్టుదాకా తాగే మనిషి. అన్నిటికీ అర్థం వెతికేవాళ్ళు దానికి మాత్రం వెతకలేదు.

మరుసటి శనివారం రచయిత్రి అనాహీ వచ్చింది. గది కిటకిటలాడింది. మూల కుర్చీ మాత్రం ఖాళీ.

“మంత్రగత్తె మీద మీకున్న కసి...” అని మిర్తా మొదలుపెట్టింది.

“కసా?” అనాహీ తెల్లబోయింది. “నేను బతికున్నది ఆవిడ వల్లేనండీ.”

అనాహీ చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది.

“సైన్యం ఏలిన రోజులు. అమ్మానాన్నల్ని ఎత్తుకుపోయారు. పక్కింటావిడ నన్ను గోడ దాటించి తన ఇంట్లో దాచింది. సైనికులు సోదాకి వస్తే నన్ను బీరువాలో కూర్చోబెట్టి, నోట్లో ఓ బిళ్ళ పెట్టింది. ‘ఇది కరిగేదాకా మాట్లాడకూడదు తల్లీ’ అంది. నాలుగేళ్ళదాన్ని, మంత్రగత్తె అనుకున్నాను. తర్వాత అమ్మమ్మ వచ్చి తీసుకుపోయింది. ఆ పక్కింటావిడ పేరు కూడా నాకు తెలియదు.”

“మరి పత్రికలకి చెప్పలేదేం?” అన్నాడు ఫాకుందో.

“చెబితే నేనంటే నేనని పదిమంది వస్తారు. అందుకే బిళ్ళని రాయి చేసి రాశాను. చదివితే ఆవిడే గుర్తుపడుతుందని. ఊరూరా తిరుగుతున్నది ఆవిడ కోసమే.”

“ఏం బిళ్ళ?” అంది మిర్తా.

“సోంపు బిళ్ళ.”

ఫాకుందో చూపు గాజు గిన్నె మీదికి పోయింది. మిర్తా మూల కుర్చీ వైపు తిరిగింది.

“ఆవిడ ఇల్లెక్కడ?” అని ఒకరినొకరు అడిగారు. అంతకుముందు అడగాలని ఎవరికీ తోచలేదు.

అనాహీ గిన్నె అడుగున మిగిలిన బిళ్ళ ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంది, అది కరిగేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.