పదమూడు సెకన్ల నోవా

కార్ల పందెంలో వెర్లిన్ ఫైనల్‌కు వచ్చాడు. ఆ సంగతి మైకులో చెప్పగానే స్టాండ్లలో కూర్చున్నవాళ్లు ముందు నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు.

నవ్వరా మరి! పాతికేళ్లుగా ప్రతి వేసవిలో ఈ ట్రాక్ మీదికి రావడం, మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టడం అతనికి అలవాటు. కారు కూడా అదే. స్కూలు చదువు అయిపోయిన ఏడు, ఊళ్లోవాళ్ల లాన్లలో గడ్డి కోసి కొనుక్కున్న పాత నోవా. మజిల్ కారు. కండలన్నీ పేరులోనే ఉన్నాయని గిట్టనివాళ్లు అంటారు. గిట్టేవాళ్లూ అదే అంటారు, కాకపోతే కాస్త గొంతు తగ్గించి.

దానికి వెర్లిన్ చేయించని వైద్యం లేదు. ఇంజిన్ మార్చాడు. గేర్‌బాక్సు మార్చాడు. వెనక రోడ్డు రోలరంత వెడల్పు టైర్లు వేశాడు. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాడు, రేడియో పీకేశాడు, హీటరు కూడా పీకేశాడు. చలికాలంలో భార్య డార్లా కంబళి కప్పుకుని ముందు సీట్లో కూర్చునేది. ఇన్ని చేసినా నోవా పావు మైలు దాటడానికి పదమూడు సెకన్లు పట్టేది. కొత్త సామాను ఇచ్చిన వేగాన్ని అంతకుముందు బిగించిన సామాను మింగేసేది.

డార్లాలాంటి ఇల్లాలు ఒహాయో మొత్తం వెతికినా దొరకదు. తన కారు మూలపడి, పనికి పక్కింటావిడ బండిలో పోవాల్సి వచ్చినా కిక్కురుమనలేదు. వంటింటి కప్పు కారుతుంటే కింద గిన్నెలు పెట్టుకుంది. కప్పుకని దాచినదంతా కార్బురేటర్‌కు పోయిందని ఎవరైనా ఎత్తిపొడిస్తే మొగుడి తరఫున తనే దెబ్బలాడేది.

"మొదటి కారండీ పాపం. ప్రాణం పెట్టుకున్నాడు. ఎలా అమ్ముకుంటాడు?" అనేది.

అమ్మే మాట ఎత్తింది వెర్లినే. జూలై నాలుగు పండక్కి పెరట్లో అందరూ తింటూ తాగుతూ ఉండగా బావమరిది హోబర్ట్ గెలికాడు.

"బావా, నీ కారు కంటే ఈ మొక్కజొన్న పొత్తు దొర్లిస్తే ముందు పోతుంది."

"ఒరేయ్, ఈ సీజన్లో ట్రోఫీ కొట్టకపోతే దాన్ని నీకే అమ్మేస్తా. తోలుకుపో!"

"మాటేనా?"

"మాటే! ఇంతమంది విన్నారుగా."

డార్లా చేతిలో ఉన్న బంగాళాదుంప సలాడ్ గిన్నె గడ్డిలో పడింది. "ఎంత మాట అన్నావు వెర్లిన్! వెనక్కి తీసుకో, నా మాట విను," అని బతిమాలింది. వెర్లిన్ పౌరుషం గల మనిషి. తీసుకోలేదు.

ఇవాళ ఆ సీజన్లో ఆఖరి పందెం. హోబర్ట్ పొద్దున్నే తన బండి వెనక కారెక్కించుకుపోయే ఖాళీ ట్రెయిలర్ తగిలించుకుని దిగాడు.

"అదెందుకు తెచ్చావురా?"

"ఊరికే బావా. దానికీ గాలి తగలాలి కదా."

ఇక్కడి పందెంలో వేగం ఒక్కటే చాలదు. కారు ఎన్ని సెకన్లలో పోతుందో ముందే అద్దం మీద తెల్లరంగుతో రాయాలి. నెమ్మది కారును ముందు వదులుతారు, వేగం కారును ఆ తేడా చూసి తర్వాత వదులుతారు. గీత ముందు దాటినవాడిదే గెలుపు. కానీ రాసినదానికంటే త్వరగా పోతే ఔట్. వెర్లిన్ కళ్లు మూసుకుని పదమూడు అని రాశాడు. మిగతాది ఎదుటివాళ్లు చూసుకున్నారు. ఒకడు పచ్చలైటు పడకముందే దూకాడు. ఒకడి కారు బయల్దేరే చోటే చచ్చి ఊరుకుంది. మూడోవాడు రాసినదానికంటే త్వరగా పోయాడు. వెర్లిన్ దాన్ని తన డ్రైవింగ్ గొప్పతనం అనుకున్నాడు.

ఫైనల్‌కు ముందు అతనికి బాత్రూము అవసరం ముంచుకొచ్చింది.

"నువ్వు వెళ్లిరా బంగారం. కారు దగ్గర నేనుంటా," అంది డార్లా.

"అక్కడ పెద్ద లైనుంది."

"ఉండనీ. ఇంకా టైముందిగా. బిగబట్టుకుని తోలతావా ఏంటి?"

వచ్చేసరికి డార్లా అద్దం తుడుస్తోంది, పదమూడు అంకె చెరిగిపోకుండా జాగ్రత్తగా. వెర్లిన్ ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి కారెక్కాడు. ముచ్చటపడి వరసగా బిగించుకున్న మీటర్లలో ఒక్కటీ చూడలేదు. అతని చూపంతా లైటు మీదే ఉంది.

ఎదురు పోటీ పక్క ఊరి పశువుల డాక్టరమ్మ. ఆమెది వేగం కారు కాబట్టి నోవాను ముందు వదిలారు. నోవా ఎన్నడూ లేనట్టు ముందుకు దూకింది. డాక్టరమ్మ చివరిదాకా తరిమినా అందుకోలేకపోయింది. వెర్లిన్ గీత దాటి, కారు ఆపి, బయటికి దూకి గంతులేశాడు.

మైకు ఖంగుమంది. "నోవా ఔట్! రాసింది పదమూడు, వచ్చింది పన్నెండు పాయింట్ ఎనిమిది!"

గంతు మధ్యలోనే ఆగిపోయింది. వెర్లిన్‌కు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపులోనూ కాస్త గర్వం లేకపోలేదు.

"విన్నావా డార్లా? పన్నెండులో పోయింది! నా నోవా!"

డార్లా అతన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చూస్తున్నవాళ్లకు కూడా కళ్లు చెమ్మగిల్లాయి.

హోబర్ట్ ట్రెయిలర్ రాంపు దించుతూ తల గోక్కున్నాడు. "అంత వేగం ఇవాళే ఎక్కణ్ణుంచి వచ్చింది బావా?"

"ఇంజిన్ బాగా చల్లబడితే ఒక్కోసారి అలా పుంజుకుంటుందిరా. కానీ ఈ ఎండలో చల్లబడేదెట్లా?"

"అవును, ఎట్లా?" అంది డార్లా, ముక్కు చీదుకుంటూ.

నోవా ట్రెయిలర్ ఎక్కుతుంటే వెర్లిన్ చూడలేక అటు తిరిగిన క్షణంలో డార్లా, అతను లైన్లో నిలబడి ఉన్నంతసేపూ ఇంజిన్ నెత్తిన పెట్టి ఉంచిన రెండు ఐసు సంచులనూ సంచీలోంచి తీసి, చెత్తడబ్బాలో అడుగుకంటా కుక్కేసింది.