ఊఁ అన్నప్పుడల్లా ఒక చుక్క

"వెండి ఈసారీ నల్లబడిందా?" పరిశోధన గైడు మేడమ్ ల్యాబు తలుపు దగ్గరే అడిగింది.

"లేదు మేడమ్." ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి తనకే నమ్మకం కుదరనట్టు గాజు బుడ్డి ఎత్తి చూపింది. ద్రావణం నారింజ రంగులో నిగనిగలాడుతోంది. వెండి పరమాణువులు నల్లగా ముద్దకట్టకుండా, గూళ్లలా బోలుగా ఉండే ఆక్సైడు అణువుల్లో గుప్పెడు చొప్పున బుద్ధిగా కూర్చున్నాయన్నమాట.

"ఏం మార్చావు?"

"ఏమీ లేదండీ. అమ్మ ఫోను స్పీకర్లో ఉండగానే వెండి ఉన్న బుడ్డిలో రెండో ద్రావణం వేయడం మొదలెట్టాను. పిన్ని కొన్న సోఫా గొడవ. ఎప్పట్లా పనుందని పెట్టేద్దామంటే చేతులు ఖాళీ లేవు. ఊఁ అన్నప్పుడల్లా ఒక చుక్క వేశాను."

"అంటే ఇన్నాళ్లూ తొందరపడ్డావు," అంది మేడమ్ నవ్వుతూ.

అంతలో ఫోను మళ్లీ మోగింది. అమ్మాయి స్పీకరు నొక్కింది.

"పనిలో ఉన్నావా తల్లీ? పెట్టేయనా?"

అమ్మాయి ఇంకో బుడ్డి ముందుకు లాక్కుంది.

"వద్దమ్మా, తీరిగ్గా చెప్పు. ఇంతకీ సోఫా ఏ రంగు?"