అమ్మనివ్వని కారు

"ఇంకోసారి కొలిచి చూడు బాబూ. రెండు మీటర్లు ఉంటుందా, ఉండదా?" అడిగింది ఐలీ.

కారు కొనడానికి వచ్చిన ఓస్సి ఇళ్ళలో చెక్క నేలలు పరిచే మేస్త్రీ. వెనక సీట్లు మడిచేసి మళ్ళీ టేపు పెట్టాడు. "రెండు దాటి ఇంకో జానెడు ఉంది పెద్దమ్మా. నమ్మకం లేకపోతే చూడండి," అంటూ తనే లోపలికి పాకి, వెల్లకిలా పడుకుని కాళ్ళు చాపాడు. అంత పొడుగు మనిషీ అవలీలగా పట్టేశాడు.

ఐలీ మొగుడు ఉర్పో, కూతురు తైనా పకపకా నవ్వారు. ఐలీ నవ్వలేదు.

"సరే, ఇక లే బాబూ. కారు అమ్మటం లేదు," అంది.

ఓస్సి ఉలిక్కిపడి లేవబోయి కారు కప్పుకి తల కొట్టుకున్నాడు.

"అదేంటమ్మా!" అంది తైనా. "అమ్మెయ్, అమ్మెయ్ అని ఏడాదిగా నాన్న ప్రాణం తోడేసింది నువ్వే కదా!"

ఆ మాట నిజమే. కలప మిల్లులో పని మానేసిన ఏడాది ఉర్పో ఈ కారు కొన్నాడు. నార్వే ఉత్తరపు కొసన సముద్రం దాకా ఇద్దరూ వెళ్ళాలని, దారిలో వెనక పరుపు వేసుకుని పడుకోవాలని ఏరికోరి పొడుగుది తీసుకున్నాడు. "ఇద్దరు ముసలాళ్ళకి ఇంత ఓడ దేనికయ్యా?" అని ఐలీ ఆరోజే సణిగింది. ఆ తర్వాత ఆమెకి నడుం నొప్పి పట్టుకుంది. ఒక వేసవి గడిచింది, రెండోదీ గడిచింది. కారు కొత్త వాసన పోకుండానే షెడ్డులో ఉండిపోయింది. "ఏనుగును కట్టేసి మేపుతున్నట్టుంది. ఇది అమ్మేసి చిన్నది తీసుకో," అని ఆమె పోరగా పోరగా చివరికి ఉర్పో ప్రకటన ఇచ్చాడు. ఇచ్చాడే గాని, ఆరోజు అతనికి అన్నం సయించలేదు. కారు పోతుందని కాదు. ఆమె పక్కన కూర్చుని సముద్రం చూడటం ఇక ఈ జన్మకి లేదని తన చేత్తో తనే రాసినట్టయింది.

"అమ్మా, అసలు ఈ కారులో మీరెక్కడికి వెళ్తారు చెప్పు?" తైనా వదల్లేదు. "ఎప్పుడైనా అవసరమైతే టాక్సీ ఉంది కదా!"

"కిరాయి మనిషి నన్ను తీసుకెళ్ళటానికి వీల్లేదు," అంది ఐలీ. "మా నాయనమ్మని మా నాన్న తన గుర్రబ్బండిలో తనే చర్చికి తీసుకెళ్ళాడు. పరాయివాళ్ళ చేతిలో పెట్టలేదు. మా వైపు అది మర్యాద."

"మొదలెట్టావూ, మీ పుట్టింటి గొప్పలు!" అంది తైనా.

ఓస్సి తల రుద్దుకుంటూ ఉర్పో దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, బండి నాకు తెగ నచ్చింది. ఇంకాస్త పైన వేసి ఇస్తాను. ఆలోచించండి."

ఉర్పో పెళ్ళాం మొహంలోకి చూశాడు. మొన్న గురువారం ఆమె ఒక్కతే బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చింది. తను తీసుకెళ్తానంటే వద్దంది. డాక్టరేమన్నాడని అడిగితే, "ఏమంటాడు, వయసంటాడు," అని కాఫీ కలపడానికి లేచిపోయింది. అది జరిగి వారం తిరక్కుండానే కారు మీద మనసు మార్చుకుంది. అయితే నడుం నొప్పికి భయపడాల్సిందేమీ లేదని చెప్పి ఉంటారు! లేకపోతే పడుకునే చోటు ఎంతుందో పనిగట్టుకుని రెండుసార్లు కొలిపిస్తుందా? ఉర్పోకి ప్రాణం లేచొచ్చింది.

"ఇంటావిడ మాటే మాట నాయనా," అన్నాడు ఓస్సితో. "అనవసరంగా తిప్పాం. కాఫీ తాగి వెళ్ళు."

ఓస్సి కాఫీ తాగి వెళ్ళాడు. "మీ ఇద్దరికీ మతి పోయింది. ఇది తుప్పు పట్టాక నన్నడక్కండి," అని దీవించి తైనా కూడా వెళ్ళింది.

ఉర్పో ఈల వేసుకుంటూ కారు కడిగాడు. అటక మీద చుట్టిపెట్టిన పరుపు దింపి, దుమ్ము దులిపి కారు వెనక పరిచాడు. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. అతను ఐలీని కేకేశాడు. ఆమె శాలువా కప్పుకుని మెల్లగా వచ్చి పరుపు అంచున కూర్చుంది. శాలువాలో మనిషి సగమే ఉన్నట్టనిపించింది ఉర్పోకి. దార్లో నాలుగు రోజులు మంచి చేపల పులుసు తింటే తనే కోలుకుంటుందిలే అనుకున్నాడు.

"జూన్‌లో బయల్దేరదామా?" అన్నాడు పక్కన కూర్చుంటూ. "అప్పుడైతే అక్కడ సూర్యుడు అస్తమించడు. రాత్రంతా సముద్రం చూడొచ్చు."

"సముద్రానికి కాదయ్యా." ఐలీ అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "వాల్తిమోకి. మా ఊరి చర్చికి. అమ్మా నాన్నల సమాధులున్న చోటికి. తోలేది నువ్వే. ఇంకెవర్నీ పిలవనని నాకు మాటివ్వు."

ఉర్పో మనసు చివుక్కుమంది. అయినా, వెళ్ళేది ఎక్కడికైతేనేం, పక్కన ఆమె ఉంటుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

"అలాగేనే, మాటిచ్చాను. కానీ గంటన్నర దారికి ఇంత పొడుగు కారు దేనికే పిచ్చిదానా? వాడికి ఇచ్చేసి చిన్నది కొనుక్కున్నా సరిపోయేది కదా!"

ఐలీ అతని చెయ్యి వదల్లేదు.

"కూర్చుని వెళ్ళేదాన్నయితే చిన్నదే చాలును."